వావిలాకు మూటలు

సువర్ణమ్మ చెయ్యి పడితే బియ్యానికి పురుగు పట్టదని ఆ పేటలో ఒక నమ్మకం ఉండేది.

ముక్తేశ్వరం దాటి కాలవగట్టు పట్టుకుని పోతే వస్తుంది ఆ పేట. అక్కడి ఆడవాళ్ళు పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేసేవారు. ఆదివారంనాడు ఆ ముంత కొంగుచాటున పట్టుకొచ్చి వాళ్ళు గుడి అనే చర్చిలో బల్లముందు పెట్టిన గంపలో ఒంపేవారు. అది దేవుడి పిడికెడు. నాట్లు అయిపోయి, కోతలు ఇంకా రాక, కూలి దొరకని వానాకాలం రోజుల్లో పొయ్యి వెలగని ఇళ్ళకీ, చూసే దిక్కులేని ముసలివాళ్ళకీ ఆ బియ్యమే కొలిచి ఇచ్చేవారు.

మంచి ఏర్పాటే. కాని అన్ని ఇళ్ళ బియ్యం ఒక్కచోట చేరితే అన్ని ఇళ్ళ పురుగూ ఒక్కచోట చేరినట్టే. ఒకరివి పాతవి, ఒకరివి కొత్తవి, ఒకరివి దంపుడు బియ్యం, ఒకరివి కూలికిచ్చిన నూకలు. వానలు పడేసరికి గుడి పక్కగదిలో బానల మూతలు తీస్తే ముక్కుపురుగులు అంచుల మీదికి పాకి వచ్చేవి. సగం బియ్యం చెరిగి కోళ్ళకి వెయ్యాల్సి వచ్చేది.

ఇస్సాకు మేష్టారి భార్యగా సువర్ణమ్మ ఆ పేటకి వచ్చిన కొన్నాళ్ళకి అత్తగారు ఆమెకి ఒక విద్య నేర్పింది. కాలవగట్టున పెరిగే వావిలి ఆకూ, వేపాకూ నీడలో ఆరబెట్టాలి. రోట్లో దంచి, ఎండిన వసకొమ్ము పొడి కొంచెం కలపాలి. ధాన్యమైతే పొడి నేరుగా కలిపెయ్యొచ్చు. బియ్యానికి మాత్రం పాత పంచెల గుడ్డలో చిన్నచిన్న మూటలు కట్టి, ఒక వరస బియ్యం, ఒక మూట, మళ్ళీ బియ్యం, అలా బాన నిండేదాకా పెట్టుకురావాలి. ఆ ఘాటుకి పురుగు నిలవదు.

"అన్నిటికన్నా ఆరడం ముఖ్యమమ్మా," అనేది అత్తగారు. "పిడికిట్లో నలిపితే అప్పడం విరిగినట్టు చప్పుడవ్వాలి. చప్పుడు కాలేదా, దంచకు. పచ్చి తగిలితే మందే చీడవుతుంది."

అత్తగారు పోయాక గుడి బానల తాళంచెవి సువర్ణమ్మ నడుముకి వచ్చింది. అప్పట్నుంచి బియ్యం పాడవలేదు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా మూటలకోసం వచ్చేవారు. అయ్యగారు, అంటే ఆ గుడి పాస్టరుగారు, ప్రసంగం మధ్యలో ఒకటి రెండుసార్లు "మన సువర్ణమ్మగారు యోసేపులాగా కరువుకి ముందే కొట్లు కాపాడుతున్నారు" అన్నాడు. ఆమె తల వంచుకుంది కాని ఆ మాట ఇంటికి వెళ్ళాక కూడా చెవుల్లో తియ్యగా మోగింది. మనిషి చెడ్డది కాదు. పొగడ్త అలవాటైన మనిషి, అంతే.

డెబ్బై ఆరులో వానలు ముందే దిగాయి. ఎడతెరిపి లేదు. సరిగ్గా అప్పుడే అమలాపురం నుంచి స్త్రీల సమాజం వాళ్ళు గుడి బియ్యం ఏర్పాటు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళొచ్చేసరికి బానలన్నీ నింపి, మూతలు మట్టితో మెత్తి, వరసగా నిలబెట్టి ఉంచాలని సువర్ణమ్మ పట్టుపట్టింది. వావిలాకు కోయించి వరండాలో పరిచింది. ముసురుకి అది ఆరలేదు. వంటింట్లో పొయ్యి మీది అటకెక్కించింది. పైన ఆరినట్టే ఉంది. పిడికిట్లో నలిపితే చప్పుడు కాలేదు. మెత్తగా ముద్దలా అణిగింది.

"ఇంకో వారం ఆగితే పోయేదేముంది?" అన్నాడు ఇస్సాకు మేష్టారు.

"వచ్చినవాళ్ళకి ఖాళీ బానలు చూపించమంటారా?" అంది సువర్ణమ్మ. రోకలి తీసుకుంది.

దంచుతుంటే పొడి రోకలి మొనకి అంటుకుంటూనే ఉంది. ఆమె చూసింది. వేలితో గీకి మళ్ళీ దంచింది.

అమలాపురం వాళ్ళు వచ్చేరు, చూసేరు, మెచ్చుకున్నారు. ఒకావిడ బానల్లో పెట్టగా మిగిలిన మూటొకటి వాసన చూసి "అబ్బ, ఎంత ఘాటుగా ఉందండీ!" అని తన సంచిలో వేసుకుంది.

బియ్యం పంచే రోజు దగ్గర పడ్డాక సువర్ణమ్మ ఒక్కతే గదిలోకి వెళ్ళి మొదటి బాన మూత తీసింది. లోపల్నుంచి వెచ్చటి ఊపిరి లాంటిది మొహానికి తగిలింది. చెయ్యి పెట్టింది. బియ్యం వేడిగా ఉన్నాయి. మొదటి మూట పైకి లాగితే దాని చుట్టూ బియ్యం కోడిగుడ్డంత ఉండలు కట్టి వచ్చాయి. గుడ్డ నల్లగా బూజు పట్టింది. ఆ ఉండల నిండా, బాన నిండా, ముక్కుపురుగులు. రెండో బానా అంతే. మూడోదీ అంతే.

ఏం జరిగిందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎక్కడ మూట ఉందో అక్కడ బూజుంది. ఎక్కడ బూజుందో అక్కణ్ణుంచే పురుగు పుట్టుకొచ్చింది.

అప్పుడు సువర్ణమ్మ ఒక పని చేసింది. మోచేతిదాకా చెయ్యి దించి, ఒక్కొక్క మూటా వెతికి పైకి తీసింది. ఉండలన్నీ చితిపి బియ్యంలో కలిపేసింది. మూటలు కొంగులో కట్టుకుని ఇంటికి తీసికెళ్ళి పొయ్యిలో పెట్టింది. అవి సరిగా మండక గుప్పుగుప్పున పొగవచ్చి వంటిల్లంతా కమ్మేసింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ గుడికి వెళ్ళి, అప్పుడు అందర్నీ పిలిచింది.

ఆడవాళ్ళు బానల చుట్టూ చేరి నోళ్ళు నొక్కుకున్నారు. ఎవరూ ఆమెని అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకుంది.

"మీ మూటలు పెట్టినా ఇలా అయిందేంటండీ?" అంది సుందరి. సుందరి సంఘంలో చురుకైన మనిషి, ప్రతి పనికీ ముందుండేది.

"మూట ఏం చేస్తుంది సుందరీ? బియ్యంతోపాటే పురుగు వస్తే..." అంది సువర్ణమ్మ. "ఎవరి బియ్యంలో వచ్చిందో ఏమో..."

అంతే అంది. పేరు పెట్టలేదు. పేరు పెట్టాల్సిన అవసరమూ రాలేదు. ఆ ఖాళీ పూరించడానికి నలుగురు ఉన్నారు.

"ఇంకెవరివండీ, చిట్టెమ్మవి! తెచ్చేది నూకలు. అవీ ఎన్నాళ్ళ నాటివో," అంది సుందరే.

చిట్టెమ్మ మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయాడు. ఆమె కాలవగట్టున పీచు తాళ్ళు పేని ఒక్క కూతుర్ని పెంచుకుంటోంది. ఆ పేటలో అందరికన్నా లేనిది ఆమే. అయినా ఆదివారం ఆమె ముంత రాని రోజు లేదు. గంజి కాచుకున్న రోజున కూడా ముందు పిడికెడు తీసేది. గంపలో ఒంపేటప్పుడు మాత్రం ఆమె ముంత కొంగుచాటున దాచేది కాదు. అందరికీ కనపడేలా ఒంపి, ముంత బోర్లించి తట్టేది. గుళ్ళో ఆమె తలెత్తుకునే క్షణం అదొక్కటే.

సువర్ణమ్మ ఆ ఆడవాళ్ళ మొహాలు చూసింది. "కాదు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కొంగుకి ఇంకా బూజు వాసన కొడుతోంది. ఆమె బియ్యంకేసి చూస్తూ చేట అందుకుంది.

ఆ ఆదివారం అయ్యగారి భార్య, అందరూ అమ్మగారు అనే ఆవిడ, చిట్టెమ్మని గుమ్మంలోనే ఆపింది. ఆవిడ మెత్తని మనిషి. మెత్తగానే చెప్పింది.

"చిట్టెమ్మా, నువ్వింక బియ్యం తేవద్దులేమ్మా. నీకే ఇబ్బంది. నీకు కావాలంటే మేమే ఇస్తాం కదా."

"ఎందుకండీ అమ్మగారూ?" అంది చిట్టెమ్మ.

ఆవిడ తడబడింది. పక్కనున్న సుందరి అందుకుంది. "నీ నూకల్లో పురుగుందంట. బానలన్నీ పోయాయి."

చిట్టెమ్మ ముంతలోకి చూసుకుంది. వేళ్ళతో నూకలు కెలికి, చేతిలోకి తీసుకుని వెలుగులోకి పట్టింది. "ఏదండీ పురుగు? చూపించండి," అంది. ఆమె కళ్ళు సువర్ణమ్మని వెతుక్కున్నాయి. "అక్కగారూ, మీకు తెలుసు కదండీ బియ్యం సంగతి. మీరు చెప్పండి."

సువర్ణమ్మ పాటల పుస్తకం తెరిచి పట్టుకుని ఉంది. "ఇప్పుడు గుళ్ళో ఈ మాటలెందుకు చిట్టెమ్మా, కూచో," అంది.

చిట్టెమ్మ కూచోలేదు. ముంత పట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఆ ఏడు పేటకి గుడి బియ్యం సగమే అందాయి. చెరిగి, కడిగి, ఎండబెట్టి, మిగిలినవి పంచారు. చిట్టెమ్మ గుమ్మం ముందు పెట్టినవి అలాగే ఉండిపోయాయి, ఆమె తీసుకోలేదు. ఆ రోజుల్లో తల్లీకూతుళ్ళు ఉడకేసిన పెండలం తిని పడుకుంటున్నారని విని సువర్ణమ్మ తన ఇంటి బియ్యం గిన్నెలో పోసి పంపింది. గిన్నె వెంటనే తిరిగొచ్చింది. తెచ్చింది చిట్టెమ్మే.

"మా ఇంట్లో పురుగుంటుందండీ మేష్టారమ్మగారూ. మీ బియ్యం పాడైపోతాయి," అంది. అరుగు మీద గిన్నె పెట్టి వెళ్ళిపోయింది. అంతవరకూ ఎప్పుడూ అక్కగారూ అనే పిలిచేది.

తరవాత చిట్టెమ్మ ఆ గుడికి రావడం మానేసింది. ఆదివారాలు కూతుర్ని వెంటపెట్టుకుని కాలవ అవతల వేరే ఊళ్ళో జరిగే ప్రార్థన కూటానికి నడిచి వెళ్ళేది. వానైనా, ఎండైనా. పేట గుడి గంట మోగే వేళకి ఆమె గట్టుమీద నడుస్తూ కిటికీలోంచి సువర్ణమ్మకి కనపడేది.

సువర్ణమ్మ దేవుడి దగ్గర ఒప్పుకుంది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. కాని దేవుడితో చెప్పుకోవడం తేలిక. ఆయన పేటలో ఎవరికీ చెప్పడు. మొగుడికి కూడా చెప్పలేకపోయింది. ఆయనకి తెలుసో లేదో ఆమెకి అంతుపట్టలేదు. వారం ఆగమన్న మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. అది ఇంకా బరువుగా ఉండేది.

ఆ తరవాత ఆమె చేసిన మూటల్లో ఒక్కటీ చెడలేదు. ఆకు రెండింతలు ఆరబెట్టేది. నలిపి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్ళీ ఆరబెట్టేది. బానలు బాగున్నకొద్దీ పేటలో ఇంకో మాట గట్టిపడింది. "చూసేరా, చిట్టెమ్మ నూకలు మానేసిందగ్గర్నుంచి పురుగే లేదు." ఆ మాట విన్నప్పుడల్లా సువర్ణమ్మ ఏదో పనున్నట్టు అక్కణ్ణుంచి లేచిపోయేది. తన జాగ్రత్తే చిట్టెమ్మ మీద సాక్ష్యం చెబుతోంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. చిట్టెమ్మ కూతురికి పెళ్ళయింది. సువర్ణమ్మ జుట్టు నెరిసింది. బియ్యంలో వేసే మందుబిళ్ళలు అంగళ్ళలోకి వచ్చాయి. ఎక్కడో ఎవరో వాటి వాసనకి ప్రాణం మీదికి తెచ్చుకున్నారని వదంతులూ వచ్చాయి. దాంతో మళ్ళీ ఆకుమందుల మీద అందరికీ ధ్యాస పుట్టింది. ఎనభై నాలుగులో అమలాపురంలో స్త్రీల సమాజాల కూడిక పెట్టి, సువర్ణమ్మని వచ్చి మూటల సంగతి చెప్పమన్నారు. పేట నుంచి అమ్మగారూ, సుందరీ, ఇంకొందరూ బస్సెక్కి ఆమె వెంట వెళ్ళారు.

సువర్ణమ్మ బల్లమీద ఆకూ, కొమ్మూ, పొడీ, గుడ్డముక్కలూ పరిచి మూట ఎలా కట్టాలో చూపించింది. ఆకు బాగా ఆరాలని రెండు మూడుసార్లు చెప్పింది. ముందు వరసలో కూచున్న ఒక పడుచుపిల్ల, రాయవరం నుంచి వచ్చానంది, లేచి అడిగింది.

"మరి ఆరకపోతే ఏమవుతుందండీ?"

"బియ్యం పాడవుతాయమ్మా."

"పొడి పనిచెయ్యదా, లేకపోతే పొడివల్లే పాడవుతాయా?"

సువర్ణమ్మ గుడ్డముక్క మడతపెట్టింది. విప్పింది. "పొడివల్లే. మూట చెమర్చి బూజు పడుతుంది. దాని చుట్టూ బియ్యం ఉండకడతాయి. బాన వేడెక్కుతుంది. మూత తీస్తే మొహానికి ఆవిరి తగులుతుంది. పురుగు మూట దగ్గర్నుంచే మొదలవుతుంది, అంచుల్నించి కాదు."

"అయ్యబాబోయ్! చూసినట్టే చెప్పేరండీ. మీకెప్పుడైనా అయిందా?"

ఆ పిల్ల నవ్వుతూ అడిగింది. ఆమెకేం తెలుసు! సువర్ణమ్మ తలెత్తితే రెండో వరసలో సుందరి మొహం కనిపించింది. సుందరి నవ్వడంలేదు. కళ్ళు చిన్నవి చేసుకుని ఏదో గుర్తు తెచ్చుకుంటోంది.

"అయింది," అంది సువర్ణమ్మ. "మా పేటలోనే. నేను పచ్చి ఆకు దంచేను. ఆరలేదని తెలిసే దంచేను. బానలన్నీ పోయేయి. మూటలు తీసి పొయ్యిలో పెట్టేసి, మాట ఇంకొకరి మీదికి పోనిచ్చేను. ఆవిడ పేరు చిట్టెమ్మ. ఆవిడ బియ్యంలో పురుగు లేదు."

అప్పుడు అమ్మగారు లేచింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంతమందిలో తన తప్పు ఒప్పుకోడానికి ఎంత దీనమనసు కావాలో చూడండి అంది. సువర్ణమ్మగారిలాంటివాళ్ళు మన సంఘానికి ఆశీర్వాదం అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు సువర్ణమ్మకి చెంపల మీద పడ్డట్టున్నాయి. తప్పు చేసినప్పుడూ పొగడ్తే, ఒప్పుకున్నప్పుడూ పొగడ్తే. చిట్టెమ్మకి మాత్రం ఏదీ చేరలేదు. తిరుగు బస్సులో సుందరి ఆమె పక్కన కూచోలేదు.

మర్నాడు పొద్దున్నే సువర్ణమ్మ కాలవగట్టుకి వెళ్ళింది. చిట్టెమ్మ నడుముకి పీచు కట్టుకుని వెనక్కి నడుస్తూ తాడు పేనుతోంది. సువర్ణమ్మ నిలబడే మొత్తం చెప్పింది. అటకమీది ఆకు, అంటుకున్న పొడి, పొయ్యిలో మూటలు, అన్నీ. చిట్టెమ్మ పేనడం ఆపలేదు. తాడు చివర గుంజకి కట్టి, అప్పుడు చేతులు దులుపుకుంది.

"నిన్న అమలాపురంలో చెప్పేరంటండీ?"

"ఆయ్. చెప్పేను."

"అక్కడ నన్నెవరెరుగుదురండీ? నా మొహమ్మీదే ముంత వద్దన్నది అమలాపురం వాళ్ళా?"

"నన్ను క్షమించు చిట్టెమ్మా," అంది సువర్ణమ్మ.

"ఆ మాట తరవాత చూద్దామండీ. నాతో రండి."

చిట్టెమ్మ కొంగు బిగించి పేటలోకి నడిచింది. మొదటి ఇంటి గుమ్మం ముందు ఆగి, సువర్ణమ్మకేసి చూసింది. సువర్ణమ్మకి అర్థమైంది.

ఆ పొద్దున వాళ్ళిద్దరూ ఇంటింటికీ తిరిగారు. ప్రతి గుమ్మంలోనూ చెప్పింది సువర్ణమ్మ. చిట్టెమ్మ పక్కన నిలబడి విన్నది, ఒక్క మాటా కలపలేదు. ఒక ఇంట్లో "ఎప్పటి సంగతో, ఇప్పుడెందుకండీ" అన్నారు. ఇంకో ఇంట్లో పనికి పోయే తొందరలో ఉండి, విని, తలూపి వెళ్ళిపోయారు. కొత్త కోడళ్ళున్న ఇంట్లో ఆ పిల్లలకి ఏం తెలియదు, మొదట్నుంచి చెప్పాల్సి వచ్చింది. అదే అన్నిటికన్నా కష్టమనిపించింది. సుందరి గుమ్మంలో మాత్రం సుందరి తల దించుకుని చిట్టెమ్మతో అంది, "ఆ మాట నేనే అన్నాను చిట్టెమ్మా. నా నోటితోనే అన్నాను." చిట్టెమ్మ "ఆయ్, గుర్తుందండి" అంది.

చివరి పాక ముసలయ్యది. చెవులు బొత్తిగా పోయిన ముసలాయన. సువర్ణమ్మ చెప్పింది. ఆయన "ఆఁ?" అన్నాడు. గట్టిగా చెప్పింది. మళ్ళీ "ఆఁ?" అన్నాడు. ఆమె గుండె చిక్కబట్టుకుని, గొంతెత్తి అరిచింది.

"బియ్యం పాడుచేసింది నేనండీ! చిట్టెమ్మ కాదు! నేను! అబద్ధమాడేను!"

ఆ కేకకి అటూ ఇటూ పాకల్లోంచి జనం బయటికి వచ్చి చూశారు. ముసలయ్య చాలాసేపు ఆలోచించాడు.

"బియ్యమా తల్లీ? చిట్టెమ్మ పిల్లకి పెట్టండి ముందు. నాకెందుకు?" అన్నాడు.

చిట్టెమ్మ మొహంలో ఏదో కదిలింది. నవ్వో ఏడుపో తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. కాసేపటికి గొంతు సవరించుకుని, "ఇంక చాల్లెండి. ఎండెక్కింది, ఇంటికెళ్ళండి," అని కాలవవైపు వెళ్ళిపోయింది.

క్షమించానని అనలేదు. సువర్ణమ్మ అడగనూలేదు. ఆ తరవాతి ఆదివారం గుళ్ళో ఆమె మాటిమాటికీ గుమ్మంకేసి చూసింది. ఇన్ని గుమ్మాలు ఎక్కింది నిజం చెప్పడానికా, చిట్టెమ్మ మళ్ళీ వచ్చి ఆ గంప దగ్గర నిలబడితే తన గుండె తేలికపడుతుందనా? తనని తానే అడుక్కుంది. జవాబు చెప్పుకోడానికి సిగ్గేసింది.

చిట్టెమ్మ రాలేదు. కాలవ అవతలి కూటమే ఆమె గుడి అయిపోయింది. అక్కడ ఆమె పిడికెడు బియ్యం ఎవరూ కాదనలేదు. గట్టుమీద ఎదురుపడితే మాత్రం ఆగి, "బావున్నారా అండీ" అని పలకరించేది. సువర్ణమ్మ "ఆయ్, బానే ఉన్నాను" అనేది. ఆ రెండు మాటలకీ ఆమె రోజంతా బాకీపడ్డట్టుండేది.

బానల తాళంచెవి ఆమె ఆ నెలలోనే సుందరికి ఇచ్చేసింది. మూటలు కట్టడం నేర్పుతూ, ఆకు ఆరనివ్వాలని చెబుతూ, ప్రతిసారీ ఆ ఏటి సంగతి కూడా చెప్పేది. వద్దండీ, మాకు తెలుసు కదండీ అంటే వినేది కాదు. చిట్టెమ్మ పేరుతో సహా చెప్పి, అప్పుడే రోకలి చేతికిచ్చేది.